తెర మీద గంగిరెద్దు

పాలివ్వదు. గడ్డి అడగదు. కట్టెయ్యడానికి కొట్టం అక్కర్లేదు. పిలిస్తే కంప్యూటర్ తెర మీదకు వస్తుంది. మనం చెప్పమన్న మాట చెప్పి మాయమైపోతుంది. 'ఎక్స్‌కౌసే' అనే ఆ ఆవు ఉత్త సరదా బొమ్మే. కానీ, నల్లటి కమాండ్ తెర అంటే జంకే బందరు, గుడివాడ, దివిసీమ కుర్రకారుకు అదే తొలి గురువు కావచ్చు. పైగా... దానికి తెలుగు కూడా వచ్చు!

ధనుర్మాసం వచ్చిందంటే కృష్ణా డెల్టా ఊళ్లలో సన్నాయి వినిపిస్తుంది. ముందు గంగిరెద్దులాయన, పక్కన రంగురంగుల బొంత కప్పుకున్న బసవన్న. 'అయ్యగారికి దండం పెట్టు', 'అమ్మగారిని దీవించు' అంటే చాలు... తల ఊపుతుంది, కాలు ఎత్తుతుంది. నిజానికి మాటలన్నీ ఆడించేవాడివే. అయినా ఇంటిల్లిపాదీ చూసేది బసవన్న వంకే. అదే మాట ఆయన ఒక్కడే గుమ్మంలో నిలబడి చెబితే 'తర్వాత రావయ్యా' అనేస్తాం. పక్కన ఎద్దుంటే మాత్రం చేటలో బియ్యం పట్టుకుని బయటికొస్తాం.

సరిగ్గా ఈ కిటుకు మీదే పనిచేసే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటుంది. పేరు ఎక్స్‌కౌసే. లైనక్స్ ఉన్న కంప్యూటర్లో దానికో మాట రాసి ఎంటర్ నొక్కితే తెర మీద ఎక్కడో ఒకచోట ఓ కార్టూన్ ఆవు ప్రత్యక్షమవుతుంది. దాని నోటి పక్కన తెల్లటి బుడగ, అందులో మనం రాసిన మాట. కాసేపు ఉండి వెళ్లిపోతుంది. తొందరైతే దాని మీద మౌస్‌తో ఒక్క నొక్కు... అప్పుడే పోతుంది. అంతకుమించి ఆ ఆవు చేసే పని ఏమీ లేదు.

'ఇంతేనా?' అనిపిస్తోంది కదూ! ఇంతే. కానీ ఆ 'ఇంతే'లోనే చాలా ఉంది.

గీతల ఆవు... రంగుల ఆవు

ఈ ఆవుకు ఓ అక్క ఉంది. దాని పేరు కౌసే. టోనీ మన్రో అనే ప్రోగ్రామర్ 1999లో పెర్ల్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం అది. రంగులూ బొమ్మలూ లేని నల్లటి టెర్మినల్ తెర మీద గీతలు, చుక్కలు, బ్రాకెట్లు పేర్చి ఆవు ఆకారం తెప్పిస్తుంది. దాని తల మీద గీతలతో కట్టిన బుడగ, అందులో మాట. 'అయ్యబాబోయ్ భలే ఉందే' అని ప్రపంచమంతా దాన్ని ముద్దుచేసింది. యునిక్స్ కాలం నుంచీ ఉన్న 'ఫార్చూన్' అనే మరో ప్రోగ్రాం ఉంది. అడిగినప్పుడల్లా ఒక సూక్తో, జోకో వదలడం దాని పని. రెండింటినీ జతచేసి, కంప్యూటర్ తెరవగానే ఆవు నోట రోజుకో సూక్తి చెప్పించుకోవడం లైనక్స్ వాడేవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు.

మన బందరు కలంకారీ తెలిసినవారికి కౌసే లోపలి కథ ఇట్టే అర్థమవుతుంది. చెక్క అచ్చు ఒకటే, దానితో ఎన్ని బట్టల మీదైనా అద్దొచ్చు. కౌసేలోనూ అంతే. ఆవు బొమ్మ ఒక ఫైలులో అచ్చులా సిద్ధంగా ఉంటుంది. మాట మారినప్పుడల్లా బుడగను మాత్రం కొత్తగా గీసుకుంటుంది. అచ్చు మారిస్తే ఆవు స్థానంలో పెంగ్విన్ వస్తుంది, డ్రాగన్ వస్తుంది.

ఆ గీతల ఆవుకు రంగులద్ది, టెర్మినల్ దొడ్లోంచి బయటికి తోలి, నేరుగా డెస్క్‌టాప్ మీద నిలబెట్టిన వ్యక్తి నిక్ గాసన్ అనే మరో ప్రోగ్రామర్. పేరు ముందున్న 'ఎక్స్' అంటే ఎక్స్ విండో సిస్టం. లైనక్స్‌లో కిటికీలు, బొమ్మలు చూపించే ఏర్పాటు అది. దాని పుట్టుక 1984లో, అమెరికాలోని ఎంఐటీలో.

ఆవంటే ఈ లోకంలో అందరికీ అదేదో అభిమానం. డెబియన్, ఉబుంటుల్లో కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే 'ఆప్ట్' అనే ప్రోగ్రాంకు 'మూ' అని చెప్పి చూడండి. గీతల ఆవు ఒకటి కనిపించి 'ఇవాళ నువ్వు అంబా అన్నావా?' అని అడుగుతుంది! వందల సర్వర్లను ఒక్కచోటి నుంచి నడిపించే 'ఆన్సిబుల్' కూడా తక్కువ తినలేదు. ఆ కంప్యూటర్లో కౌసే ఉందని పసిగడితే చాలు, తన పనుల వివరాలన్నీ ఆవు నోటితోనే చెప్పిస్తుంది. విసుగొచ్చినవాళ్లు దాన్ని ఆపేయడానికి వేరే సెట్టింగు వెతుక్కోవాలి.

పిలిచే పద్ధతి

ఇంతకీ ఆవును పిలవడం ఎలా? ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్ ఉంటే చాలు. లేనివాళ్లు పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు నడిపి చూడొచ్చు, కంప్యూటర్లో ఉన్నదేదీ చెరిగిపోదు.

టెర్మినల్ తెరిచి ముందుగా 'సుడో', తర్వాత 'ఆప్ట్', ఆపై 'ఇన్‌స్టాల్', చివర్లో 'ఎక్స్‌కౌసే' అని ఇంగ్లిషు అక్షరాల్లో వరుసగా, మధ్యలో ఖాళీలిస్తూ కొట్టాలి. పాస్‌వర్డ్ అడుగుతుంది. నెట్ ఉంటే ఆవు కాసేపట్లో ఇంటికొచ్చేస్తుంది. ఆ తర్వాత ఎక్స్‌కౌసే అని రాసి, ఖాళీ వదిలి, కొటేషన్ గుర్తుల మధ్య 'అన్నం తిన్నావా?' అని రాసి ఎంటర్ నొక్కండి. ఆవు అడుగుతుంది!

ఇక్కణ్నుంచి ఒక్కో మెట్టూ ఎక్కొచ్చు. ఆవు చిన్నగా ఉండాలా, పెద్దగా ఉండాలా? చెప్పొచ్చు. తెర మీద ఎక్కడ నిలబడాలి? చెప్పొచ్చు. ఎంతసేపుండాలి? సెకన్లలో చెప్పొచ్చు. పైకి అనకుండా మనసులో అనుకుంటున్నట్టు మేఘంలాంటి బుడగ కావాలా? 'థింక్' అంటే సరి. అసలు ఆవే వద్దనుకుంటే 'ఇమేజ్' అని చెప్పి వేరే బొమ్మ ఫైలు చూపిస్తే ఆ బొమ్మ మాట్లాడుతుంది. నిమ్మకూరులోనో నాగాయలంకలోనో పండక్కి తీసిన గంగిరెద్దు ఫొటోలో వెనకున్నదంతా తీసేసి పెట్టుకుంటే... తెర మీద సాక్షాత్తూ బసవన్నే! మాటిమాటికీ ఇవన్నీ రాయనక్కర్లేకుండా ఒక చిన్న సెట్టింగుల ఫైలులో ఒకేసారి రాసి పెట్టుకోవచ్చు కూడా.

ఇక్కడే అసలు పాఠం ఉంది. కమాండ్ లైన్ అంటే కొత్తవాళ్లకు భయం. బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లటి తెర, మిణుకుమిణుకుమనే గీత. ఒక్క అక్షరం తప్పు పడితే ఇంగ్లిషులో కసురుకుంటుంది. పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియంలో చదివి గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలోనో, 2008లో బందరులో మొదలైన కృష్ణా విశ్వవిద్యాలయంలోనో చేరే పిల్లలకు అది రెట్టింపు భయం. కంప్యూటరూ కొత్తే, అది తిట్టే భాషా కొత్తే. అలాంటప్పుడు మొదటి కమాండు ఫైళ్లను చెరిపేదో, సర్వర్‌ను ఆపేదో కాకుండా ఒక ఆవును పిలిచేదైతే? తప్పు కొట్టినా పోయేదేమీ లేదు. మహా అయితే ఆవు రాదు!

అలా ఆడుతూనే కమాండు అంటే ఏమిటో, దానికి తగిలించే ఆప్షన్ అంటే ఏమిటో తెలుస్తుంది. 'పైపు' అనే గొప్ప కిటుకూ పట్టుబడుతుంది. ఒక ప్రోగ్రాం ఇచ్చిన జవాబును ఇంకో ప్రోగ్రాంకు అందించే నిలువు గీత అది. బోదె తవ్వి ఒక మడిలోని నీటిని పక్క మడికి పారించినట్టు! తేదీ చెప్పే 'డేట్' అనే కమాండు రాసి, నిలువు గీత పెట్టి, ఎక్స్‌కౌసే అని రాస్తే ఇవాళ్టి తేదీని ఆవు చెబుతుంది. ఈ పైపు అర్థమైనవాడికి యునిక్స్ సగం అర్థమైనట్టే.

మూడు అక్షరాలు... పద్దెనిమిది బైట్లు

ఆవు చేత ఇంగ్లిషులో మాట్లాడించడం సులువే. మరి తెలుగులో?

అక్క కౌసేతో ఇక్కడే చిక్కు వచ్చింది. నల్లటి టెర్మినల్ అనేది గళ్ల నోటు పుస్తకం లాంటిది. గడికో అక్షరం. పాత టెలిప్రింటర్ల నుంచి వారసత్వంగా వచ్చిన పద్ధతి అది. ఇంగ్లిషుకు సరిపోయింది. మన అక్షరాలు అలా గళ్లలో కూర్చునే రకం కాదు. గుడి పైకి లేస్తుంది, వత్తు కిందకు దిగుతుంది, కొమ్ము పక్కకు పోతుంది. అందుకే చాలా టెర్మినళ్లలో తెలుగు రాస్తే తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట పడి చెల్లాచెదురైన బంతిలా కనిపిస్తుంది.

లెక్కల్లోనూ తేడా ఉంది. 'తెలుగు' అనే మాటనే తీసుకుందాం. కంటికి కనిపించేవి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో మాత్రం ఆరు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఇవన్నీ వేటికవే. కంప్యూటర్లో దాచేటప్పుడు ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున మొత్తం పద్దెనిమిది! అక్షరాలకు బదులు బైట్లను లెక్కబెట్టే పాత ప్రోగ్రాం ఏం చేస్తుంది? మూడు అక్షరాల మాటకు పద్దెనిమిది గళ్ల పొడవున బుడగ కడుతుంది. పెళ్లికూతురికి పందిరంత పట్టుచీర కట్టినట్టు.

చెల్లెలు ఎక్స్‌కౌసే దగ్గర ఈ గొడవ లేదు. అది గళ్ల మీద రాయదు. బొమ్మ గీసినట్టు కిటికీలో గీస్తుంది. అక్షరాలను పేర్చే పనిని 'పాంగో' అనే మరో సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తుంది. ఆ పేరులో 'పాన్' గ్రీకు, 'గో' జపనీస్. రెండూ కలిపితే 'అన్ని భాషలు' అని అర్థం. ఏ వత్తు ఏ అక్షరం కిందకు చేరాలో, 'క్ష'కు గుడిస్తే ఎక్కడ కూర్చోవాలో చూసుకునే బాధ్యత దానిదే. అందుకే తెలుగు ఫాంటు ఒకటి ఉంటే చాలు, ఎక్స్‌కౌసే బుడగలో మన మాట ముత్యాల్లా కుదురుకుంటుంది.

తెరమీద తెలుగు కనిపించడం చిన్న విషయమని కొట్టిపారేయడానికి లేదు. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి వస్తే ఐఫోన్లు తట్టుకోలేకపోయాయి. ఆ అక్షరమున్న సందేశం అందుకోగానే యాప్‌లు కుప్పకూలాయి. అదే నెల 19న యాపిల్ సంస్థ ప్రత్యేకంగా ఓ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. జ్ఞానానికి మొదటి అక్షరం దగ్గరే అంత పెద్ద కంపెనీ ఫోను తడబడింది! యూనికోడ్ తొలి రూపంలోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. చోటు దొరకడం ఒకటి, ప్రతి ప్రోగ్రాంలోనూ సరిగ్గా కనిపించడం ఇంకొకటి. ఎవరో ఒకరు తెలుగులో రాసి, తేడాను గమనించి, తప్పును చెబితేనే అది సరవుతుంది. ఆ పరీక్షకు ఆవుకంటే సులువైన సాధనం ఏముంటుంది?

అక్షరానికి మన ఊరి పేరు

ఆవు మాటలు ఏ ఫాంటులో కనిపించాలో కూడా మనమే చెప్పొచ్చు. లైనక్స్‌లో తెలుగు ఫాంట్లకు కొదవేం లేదు. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు తెలుగు యూనికోడ్‌కు తొలినాళ్లలో దారి చూపాయి. ఆ తర్వాత సిలికానాంధ్ర సంస్థ చొరవతో పెద్ద గుత్తే వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. డెబియన్‌లో వాటన్నింటినీ మూటగట్టి 'తెలుగు విజయం' పేరుతో పెట్టారు. ధూర్జటి, పెద్దన, తిమ్మన, గురజాడ, గిడుగు... ఒక్కో ఫాంటుకూ ఒక్కో పేరు.

ఆ జాబితాలో దిగువ కృష్ణా వాళ్లకు బాగా తెలిసిన పేర్లు రెండున్నాయి. ఒకటి ఎన్టీఆర్. నిమ్మకూరులో పుట్టి, 1983 ఎన్నికల్లో గుడివాడ నుంచి గెలిచిన నందమూరి తారక రామారావు పేరిట వచ్చిన ఫాంటు. రెండోది మండలి. దివిసీమ గాంధీగా పేరుపడ్డ మండలి వెంకటకృష్ణారావు స్మృతిలో పెట్టిన పేరది. విద్యామంత్రిగా 1975లో హైదరాబాద్‌లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన వ్యక్తి ఆయనే. రెండేళ్లకు ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు అక్కడి జనాన్ని నిలబెట్టడానికి నడుంకట్టిందీ ఆయనే. గుత్తుల పురుషోత్తం కుమార్ 2013లో ఈ ఫాంటును తయారుచేశారు.

ఎక్స్‌కౌసేకు 'ఫాంట్' అని చెప్పి మండలి పేరు, పక్కనే ఇరవై అంకె వేస్తే చాలు. అవనిగడ్డ కుర్రాడు రాసిన మాట, దివిసీమ మనిషి పేరున్న అక్షరాల్లో, ఆవు నోట! దీనికి ఖర్చు ఒక్క పైసా లేదు.

మాటకు పావు సెకను!

తెలుగుకు సంబంధించి ఇంకో గమ్మత్తుంది. ఆవు ఎంతసేపు ఉండాలో మనం చెప్పకపోతే తనే లెక్కేసుకుంటుంది. బుడగలో ఎన్ని మాటలున్నాయో లెక్కబెట్టి, మాటకు పావు సెకను చొప్పున చదివే సమయం ఇస్తుంది. ఇంగ్లిషుకు ఈ లెక్క బాగానే ఉంటుంది.

మనది అతుకుల భాష. 'వెళ్లొచ్చేద్దామనుకుంటున్నారట' అనేది మనకు ఒకే మాట. అదే సంగతి ఇంగ్లిషులో చెప్పాలంటే ఏడెనిమిది మాటలు కావాలి. మధ్యలో ఖాళీ లేదు కాబట్టి ఆవు దృష్టిలోనూ అది ఒక్కటే. ఇంగ్లిషువాడికి రెండు సెకన్లిచ్చిన చోట మనకు పావు సెకను విదిలిస్తుందన్నమాట! పెద్ద వాక్యం చదువుతుండగానే 'ఇంకా అవ్వలేదా' అన్నట్టు తుర్రుమంటుంది.

మందు లేకపోలేదు. 'రీడింగ్ స్పీడ్' అనే ఆప్షన్‌లో మాటకు 250 మిల్లీసెకన్ల బదులు ఆరేడు వందలు పెట్టుకోవచ్చు. లేదంటే 'టైమ్' అని చెప్పి సూటిగా పది సెకన్లు ఉండమనొచ్చు. ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకు తెలుగు మీద కోపమేం లేదు. వాళ్ల కళ్లముందు తెలుగు చదివేవాళ్లు లేరు, అంతే. మనం వాడితేనే కదా మనమున్నామని తెలిసేది.

సామెతల దొడ్డి

సరే, ఆవు చేత ఏం చెప్పించాలి?

అమ్మమ్మలు, తాతయ్యల దగ్గర కూర్చుని సామెతలు పోగేయండి. ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో వరసకొకటి చొప్పున రాసుకోండి. 'షఫ్' అనే కమాండుకు ఆ ఫైలు చూపించి ఒక్కటి మాత్రం తియ్యమంటే చీట్లు కలిపినట్టు కలిపి ఒకటి తీస్తుంది. దాన్ని పైపు గుండా ఎక్స్‌కౌసేకు పంపిస్తే సరి. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా కొత్త సామెత. 'ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?' అని ఆవే అడిగితే ఎలా ఉంటుంది! ఇంట్లో రోజంతా ఫోను వదలని నాన్నలు కాస్త జాగ్రత్తపడాలి.

కలలు కనే ఆవు కూడా ఉంది. 'డ్రీమ్' అని చెప్పి ఒక బొమ్మ ఫైలు చూపిస్తే, కలగంటున్నట్టుగా బుడగలో ఆ బొమ్మ కనిపిస్తుంది. కల అంటే దిగువ కృష్ణా వాళ్లకు వెంటనే గుర్తొచ్చేది శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు. ఆ స్వామి కలలో కనిపించి తెలుగులో రాయమంటేనే కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాశాడని కదా కథ! ఆ గుడి గోపురం ఫొటోను ఆవు కలలో పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

సరదా పక్కనపెడితే పనికొచ్చే పనులూ ఉన్నాయి. పెద్ద ఫైలు దిగుమతి అవుతోంది, గంట పడుతుంది. ఆ కమాండు చివర రెండు 'అండ్' గుర్తులు పెట్టి, 'అయిపోయింది' అని ఆవుకు అప్పగించి వేరే పని చూసుకోవచ్చు. పని సవ్యంగా పూర్తయితేనే ఆవు వస్తుంది. 'స్లీప్' అనే కమాండుతో కలిపితే అరగంటకోసారి 'లేచి నడువు, కళ్లకు విశ్రాంతినివ్వు' అంటుంది. చెరువుల దగ్గర ఆఫీసు గదిలో లెక్కలు రాసుకునేవాళ్లకు మేత వేళ గుర్తుచేస్తుంది. డీటీపీ సెంటర్లో కూర్చున్నవాళ్లకు ఇవాళ ఇవ్వాల్సిన శుభలేఖల సంగతి చెబుతుంది.

అయితే వేళకు ఆవును పంపే పనిని 'క్రాన్' అనే కాపలాదారుకు అప్పగించేవాళ్లకు తొలిరోజే ఒక చిక్కు ఎదురవుతుంది. వేళ అవుతుంది. కమాండు నడుస్తుంది. ఆవు మాత్రం రాదు! కారణం ఏమిటంటే... క్రాన్ తెర వెనక పనిచేస్తుంది. ఏ తెర మీదకు తోలాలో దానికి తెలియదు. 'డిస్‌ప్లే' అనే చోట తెర చిరునామా రాసిస్తేనే దారి తెలుస్తుంది. మాట సిద్ధంగా ఉండి, వేళకు బయల్దేరినా, చిరునామా లేకపోతే దారిలోనే ఆగిపోతుంది.

ఆవుకు అప్పగించకూడని మాట

ఆ చివరి వాక్యం విలువ దివిసీమకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెన దాదాపు 30 వేలమందిని పొట్టనపెట్టుకుందంటారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారన్నది అధికారిక లెక్క. అంతకంటే చాలా ఎక్కువన్నది జనం మాట. తుపానుందన్న కబురు రేడియోలో రావడం వేరు, రేడియోలేని పాలకాయతిప్ప గుడిసెకో, సొర్లగొంది గడపకో అది వేళకు చేరడం వేరు. 'సముద్రం ఊళ్లోకి వస్తోంది, లేచి పరిగెత్తండి' అని ఇంటింటికీ చెప్పే ఏర్పాటు ఆనాడు లేదు.

ఓడరేవుల్లో తుపాను హెచ్చరికల స్తంభం చూసే ఉంటారు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. పగలు ఆకారాలు వేలాడదీస్తారు, రాత్రి దీపాలు పెడతారు. చదువురాని పడవవాడికి కూడా దూరం నుంచే అర్థమయ్యే ఏర్పాటది. చూసేవాడి భాషలో, చూసేవాడి కంటి ముందు పెట్టిన మాట. ఇప్పుడు బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. విపత్తు నిర్వహణ సంస్థ నుంచి ఫోన్లకు తెలుగులో సందేశాలు వస్తున్నాయి. ఒక ప్రాంతంలోని ఫోన్లన్నీ ఒకేసారి గట్టిగా మోగేలా పంపే హెచ్చరికలను 2023లో దేశమంతటా పరీక్షించి చూశారు.

ఆ పని ఎక్స్‌కౌసేది కాదు. కంప్యూటర్ నిద్రపోతే ఆవు రాదు. కరెంటు పోతే రాదు. మనం పక్క గదిలో ఉన్నప్పుడు వస్తే చెప్పి వెళ్లిపోతుంది, ఎవరూ వినలేదని దానికి తెలియదు. పిలిచి లేపే గొంతు దానికి లేదు. మందుల వేళకూ, రాత్రి రొయ్యల చెరువులో ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకోవడానికీ, తుపాను కబురుకూ దాన్ని నమ్ముకోకూడదు. వాటికి మోగే అలారం కావాలి, లేచే మనిషి కావాలి.

కానీ రేపు ఆ హెచ్చరికలను పంపే సాఫ్ట్‌వేర్‌ను రాయాల్సింది ఎవరు? తెలుగు వాక్యం చదవడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్లు. 'జ్ఞ' కింద వత్తు విరిగితే గుర్తుపట్టేవాళ్లు. మాట పంపడంతో పని అయిపోదని, అది చేరిందో లేదో చూడాలని చిన్నప్పటి నుంచీ ఇంట్లో విన్నవాళ్లు. అలాంటి పిల్లలు కోడూరులో, కృత్తివెన్నులో, గుడివాడ సందుల్లో ఉన్నారు. వాళ్లకు కావాల్సిందల్లా నల్లటి తెర మీద భయంలేకుండా కొట్టే ఒక తొలి కమాండు.

ఆ కమాండు ఏదైతేనేం... గంగిరెద్దు తల ఊపితే చాలు!